ట్యూబ్‌లెస్ టైరు వేసే ముందు రిమ్ టేపు: ఓపికగా చేయాల్సిన పని

సైకిల్‌కి ట్యూబ్‌లెస్, అంటే లోపల ట్యూబ్ లేకుండా గాలి నిలిపే టైరు, వేసుకున్న స్నేహితులు నా దగ్గరికి ఎక్కువగా ఒకటే ఫిర్యాదుతో వస్తారు. రాత్రి గాలి నింపి పెడితే పొద్దున్నకి టైరు మెత్తబడిపోతోంది అంటారు. అప్పటికే ఇంకో డోసు సీలెంట్, అంటే చిన్న చిల్లుల్ని పూడ్చే ద్రవం, పోసి చూసి ఉంటారు. టైరు మంచిది కాదేమోనన్న అనుమానం మొదలై ఉంటుంది. టైరు ఒక పక్క ఊడదీసి రిమ్ లోపల వేలితో తడిమితే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. టేపు అంచు లేచి ఉంటుంది, లేదంటే వాల్వ్ దగ్గర చిరిగి ఉంటుంది, అదీ కాకపోతే టేపుకి వెడల్పు చాలదు.

ట్యూబ్‌లెస్ అనగానే అందరి దృష్టీ టైరు మీదా సీలెంట్ మీదా ఉంటుంది. టేపు సంగతి చివర్లో ఐదు నిమిషాల్లో ముగించేస్తారు. నేను మాత్రం మొత్తం పనిలో సగం పైగా సమయం టేపుకే ఇస్తాను. అది కుదిరితే మిగతావన్నీ సులువుగా కుదురుతాయి. కుదరకపోతే ఎంత ఖరీదైన సీలెంట్ పోసినా ఆ లోటు తీరదు.

టేపు ఏం మోస్తుందో తెలుసుకుంటే

ఇప్పటి రిమ్‌లు ఎక్కువగా రెండు గోడలవి. చక్రం ఇరుసు వైపున్న గోడలో చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి నిపుల్స్, అంటే స్పోకుల చివర బిగించే చిన్న నట్లు, బయటికి వస్తాయి. టైరు వైపున్న గోడలో వాటికి ఎదురుగా పెద్ద రంధ్రాలుంటాయి. నిపుల్‌ని లోపలికి దించడానికి అవి కావాలి. రెండు గోడల మధ్య చుట్టూ ఖాళీ. ట్యూబ్ ఉన్నప్పుడు గాలి ట్యూబ్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ రంధ్రాల పదును ట్యూబ్‌కి తగలకుండా ఒక రబ్బరు పట్టీయో నూలు పట్టీయో వేస్తే సరిపోయేది. ట్యూబ్ తీసేశాక గాలిని ఆపాల్సింది టేపే. అందుకే పాత రబ్బరు పట్టీ మీద ట్యూబ్‌లెస్ నిలవదు.

8 మిల్లీమీటర్ల రంధ్రం మీద 5 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) గాలి దాదాపు 2.5 కిలోల బరువుతో నొక్కుతుంది. 28 రంధ్రాలున్న రిమ్‌లో ప్రతి రంధ్రం దగ్గరా ఇదే బరువు పడుతుంది, అదీ పల్చటి టేపు మీద, పగలూ రాత్రీ. మౌంటెన్ సైకిల్ టైరులో 1.5 బార్ ఉంటే అదే రంధ్రం మీద పడేది ముప్పావు కిలో. రోడ్డు సైకిల్‌కి టేపు విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలని నేను అనేది ఇందుకే.

పని మొదలుపెట్టే ముందు రెండు విషయాలు చూసుకోండి. మొదటిది, రిమ్ మీద ట్యూబ్‌లెస్ రెడీ అని ఉందా లేదా. ఇలాంటి రిమ్‌లో టైరు బీడ్, అంటే రిమ్‌ని పట్టుకునే టైరు గట్టి అంచు, కూర్చునే గట్టు మట్టంగా, కొలత ప్రకారం ఉంటుంది. చాలావాటిలో లోపలి అంచున సన్నటి ఉబ్బు కూడా ఉంటుంది, గాలి తగ్గినా బీడ్ జారి మధ్య గాడిలోకి పడిపోకుండా అది ఆపుతుంది. ఈ ఏర్పాటు లేని మామూలు రిమ్‌కి ఎన్ని పొరల టేపు చుట్టినా అది ట్యూబ్‌లెస్ రిమ్ అయిపోదు. మలుపులో బీడ్ ఊడితే పడేది మనమే. అలాంటి రిమ్ తెచ్చి టేపు వేయమంటే నేను వేయను. రెండోది, టైరు వైపున్న గోడలో అసలు రంధ్రాలున్నాయా లేదా. మావిక్ కంపెనీ 1999లో తెచ్చిన యూఎస్‌టీ అనే ట్యూబ్‌లెస్ పద్ధతి రిమ్‌లలో వాల్వ్ రంధ్రం తప్ప ఆ గోడ అంతా మూసే ఉంటుంది. అలాంటివాటికి టేపుతో పనే లేదు.

ఏ టేపు, ఎంత వెడల్పు

ట్యూబ్‌లెస్ టేపు అని అమ్మేవి గట్టి ప్లాస్టిక్ ఫిల్మ్‌కి జిగురు పూసినవి. పల్చగా ఉంటాయి, కొద్దిగా సాగుతాయి, సీలెంట్‌లో నానినా పాడవవు. పెద్ద పెట్టెలు, సామాన్లు కదలకుండా కట్టడానికి వాడే టెసా 4289 అనే పసుపు టేపుని కూడా చాలామంది వాడతారు, అదీ బాగా పనిచేస్తుంది. వైర్లకు చుట్టే నల్ల ఇన్సులేషన్ టేపు మాత్రం వద్దు. మరీ మెత్తగా ఉండటం వల్ల గాలి ఒత్తిడికి రంధ్రాల్లోకి కుంగిపోతుంది, జిగురు కూడా జారుతుంది. అట్టపెట్టెలకు వేసే గోధుమరంగు టేపు తడి తగిలితే లేచిపోతుంది. గుడ్డ టేపు వేస్తే కొన్నాళ్లు నిలబడుతుంది కానీ లావుగా ఉండి బీడ్‌ని బిగిస్తుంది, సీలెంట్‌ని పీల్చుకుంటుంది, తీసేటప్పుడు జిగురంతా రిమ్‌కే వదిలేస్తుంది. తేనెరంగులో మెరిసే పాలిఇమైడ్ టేపు వేడిని బాగా తట్టుకుంటుంది, పల్చగా ఉంటుంది. కానీ అంచున చిన్న గాటు పడిందంటే అక్కడి నుంచి చరచరా చిరిగిపోతుంది. నేను దాన్ని వాడను.

ఇక వెడల్పు. రిమ్ లోపలి వెడల్పు, అంటే రెండు పక్క గోడల మధ్య దూరం, మిల్లీమీటర్లలో కొలవండి. చాలా రిమ్‌ల మీద ఆ అంకె రాసే ఉంటుంది. 622x19 అని ఉంటే 622 బీడ్ కూర్చునేచోట వ్యాసం, 19 లోపలి వెడల్పు. రిమ్ లోపలి తలం చదునుగా ఉండదు. మధ్యలో గాడి, దానికి అటూ ఇటూ గట్లు. టేపు ఈ గాడిలోకి దిగి మళ్లీ ఎక్కాలి కాబట్టి లోపలి వెడల్పు కంటే 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. 19 ఉన్న రిమ్‌కి 21 లేదా 23, 25 ఉన్నదానికి 27 లేదా 28, 30 ఉన్నదానికి 33 లేదా 34 సరిపోతుంది. గాడి లోతుగా ఉంటే పెద్ద కొలత వైపు మొగ్గండి.

అంకెల మీద నాకు పూర్తి నమ్మకం ఉండదు. కొత్త రిమ్ అయితే వేలెడు ముక్క కత్తిరించి అడ్డంగా పెట్టి, బొటనవేలితో గాడిలోకి దించి, గట్ల మీదికి నొక్కి చూస్తాను. టేపు అంచు గట్టు చివరిదాకా వెళ్లి, పక్క గోడ మొదలయ్యే మూల దగ్గర ఆగితే అది సరైన కొలత. గట్టు మధ్యలోనే ఆగిపోతే చాలదు. టైరు ఎక్కించేటప్పుడు బీడ్ ఆ అంచు మీద పాకుతూ దాన్ని గాడి వైపు తోసేస్తుంది, సీలెంట్ కిందికి చేరుతుంది, మిగతా టేపు కూడా మెల్లగా లేస్తుంది. గోడ మీదికి ఎక్కితే వెడల్పు ఎక్కువైనట్టు. గోడ మీద అంటిన టేపు ముడతలు పడుతుంది, బీడ్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుంటుంది, ఆ ముడతల్లోంచి గాలి దారి చేసుకుంటుంది. గోడ అంచున మిల్లీమీటరు మేర ఎక్కితే నేను పట్టించుకోను. అంతకు మించితే టేపు మారుస్తాను.

ఎన్ని పొరలు? 0.14 మిల్లీమీటర్ల టేపు ఒక పొర వేస్తే బీడ్ కూర్చునేచోట వ్యాసం 0.28 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చూడ్డానికి చిన్న అంకే కానీ టైరు బిగుతులో తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. మౌంటెన్ సైకిల్‌కి ఒక పొర చాలు. 3 బార్ దాటి నింపే టైరుకి రెండు పొరలు వేస్తాను. టైరు రిమ్ మీద వదులుగా ఆడుతూ, పంపు కొట్టినా బీడ్ పట్టుకోకపోతే ఇంకో పొర వేయడం మంచి మందు. ఎక్కించడానికే చేతులు నొప్పెట్టే టైరైతే పల్చటి టేపు వెతుక్కోవడం మేలు.

టేపు ముట్టుకునే ముందు

చక్రానికి సొట్ట ఉంటే ముందే తీయించేయండి. స్పోకుల బిగువు, వంకర సరిచేయడం, నిపుల్ మార్చడం, అన్నీ ఇప్పుడే. తర్వాత నిపుల్ విరిగితే టేపు తీయక తప్పదు.

పాత టేపు ఉంటే ఒక్కసారిగా లాగేయకండి. రిమ్‌కి దాదాపు ఆనించినట్టు వెనక్కి మడిచి నెమ్మదిగా లాగితే జిగురు చాలావరకు టేపుతోనే వచ్చేస్తుంది. మిగిలిన జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, కాసేపు నాననిచ్చి, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లీవరుతో గీకండి. జిగురు తీసే నూనె ద్రావకాలు వాడితే ఆ తర్వాత ఆల్కహాల్‌తో మళ్లీ తుడవాలి, లేకపోతే కొత్త టేపు ఆ నూనె మీద అంటదు. కార్బన్ రిమ్ మీద అసిటోన్ వద్దు.

ఇప్పుడు వేలితో ప్రతి రంధ్రం అంచునీ తడమండి. అల్యూమినియం రిమ్‌లలో డ్రిల్లు చేసినచోట సన్నటి పదును మిగిలి ఉంటుంది. గాలి నొక్కినప్పుడు టేపు ఆ అంచు మీదే వంగుతుంది, అక్కడే తెగుతుంది. సన్నటి గుండ్రటి ఆకురాయితోనో ఎమరీ పేపరు ముక్కతోనో అంచు మొద్దు చేయండి. రిమ్ రెండు కొసలు కలిసే అతుకు దగ్గర కూడా గట్టు మీద ఎత్తుపల్లాలు లేకుండా చూసుకోండి. ఆ పొడి అంతా దులిపి, శుభ్రమైన నూలుగుడ్డని ఆల్కహాల్‌లో ముంచి గట్లు, గాడి మొత్తం తుడవండి. గుడ్డ నల్లబడకుండా తెల్లగానే వచ్చేదాకా తుడవాలి. ఆ తర్వాత గట్ల మీద వేళ్లు ఆనించకండి. చేతికుండే జిడ్డు కంటికి కనిపించదు కానీ జిగురుకి తెలుస్తుంది.

సైకిల్ కడిగిన రోజునే టేపు వేయకండి. రెండు గోడల మధ్య ఖాళీలో నీళ్లు నిలిచి ఉంటాయి. చక్రం తిప్పుతుంటే అవి రంధ్రాల్లోంచి చెమ్మగా బయటికొచ్చి, అప్పుడే అంటించిన టేపు కింద చేరతాయి. ఒక రాత్రి ఆరనివ్వండి. గది బాగా చల్లగా ఉంటే రిమ్‌ని హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేసుకుంటే జిగురు బాగా పట్టుకుంటుంది.

చుట్టడం

చక్రాన్ని సైకిల్‌కే బిగించి సైకిల్‌ని తలకిందులుగా పెట్టి చుట్టేవాళ్లున్నారు. నాకు మాత్రం తక్కువ ఎత్తు పీట మీద కూర్చుని, చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంటేనే బలం కుదురుతుంది. టేపు చుట్ట కుడిచేతిలో, నొక్కే బొటనవేలు ఎడమచేతిది.

వాల్వ్ రంధ్రానికి బెత్తెడు ఇవతల మొదలుపెడతాను. చుట్టూ తిరిగొచ్చి, వాల్వ్ రంధ్రం దాటి, ఇంకో బెత్తెడు అవతలికి వెళ్లి ఆపుతాను. ఇలా చేస్తే ఒక్క పొర చుట్టినా వాల్వ్ దగ్గర రెండు పొరలు వస్తాయి. రిమ్ మొత్తంలో టేపుకి ఎక్కువ కష్టం ఉండేది అక్కడే. రెండు పొరలు వేయాలంటే మధ్యలో తెంపకుండా రెండు చుట్లూ ఒకే పట్టుగా చుట్టాలి. 622 రిమ్‌కి ఒక చుట్టుకి 2 మీటర్లకి కొంచెం తక్కువ పడుతుంది, అంటే 10 మీటర్ల చుట్టతో రెండు చక్రాలకీ రెండేసి పొరలు వచ్చి కొంత మిగులుతుంది.

మొదటి బెత్తెడు టేపుని సరిగ్గా మధ్యలో, రెండు గట్ల మీదా సమంగా ఉండేలా అంటించి, గుడ్డతో గట్టిగా రుద్దండి. మిగతా బిగువంతా ఈ ముక్క మీదే ఆధారపడి ఉంటుంది. ఎడమ బొటనవేలు దాని మీద ఉంచి, కుడిచేత్తో చుట్టని మూరెడు దూరం విప్పి, చక్రం తిరిగే దారిలోనే నిటారుగా లాగండి. ఎంత గట్టిగా అంటే, టేపు కొద్దిగా సాగి, దాని మీద మెరుపు మారాలి. అంత బిగువుతో కిందికి దించితే టేపు తనంతట తానే గాడిలోకి వంగి దిగుతుంది. వదులుగా వేస్తే గాడి మీద వంతెనలా నిలిచిపోతుంది, కింద గాలి పొర ఉంటుంది. తర్వాత టైరు గాలి దాన్ని కిందికి నొక్కినప్పుడు ఆ కొరత తీర్చుకోవడానికి అంచులు గట్ల మీద నుంచి లోపలికి జరుగుతాయి. లీకు అక్కడే పుడుతుంది.

లాగిన బిగువు వదలకుండా బొటనవేలిని గాడి మధ్యలో జార్చుకుంటూ ముందుకు పోండి, ఆ వెంటే మధ్య నుంచి గట్ల వైపుకి ఒత్తండి. స్పోకు రంధ్రం వచ్చినచోట టేపు కింద ఒక గుండ్రటి ఆకారం లీలగా కనిపిస్తుంది. అక్కడ వేలితో నొక్కి గుంట చేయకండి, రంధ్రం చుట్టూ మాత్రం రుద్దండి. ఆపై చక్రాన్ని కొంచెం తిప్పి, మళ్లీ మూరెడు. టేపు ఒక పక్కకి పోతోందనిపిస్తే చుట్టని పక్కకి వంచి దారికి తేవాలని చూడకండి, రెండో పక్క అంచు ముడత పడుతుంది. బిగువు వదలకుండా జానెడు వెనక్కి లేపి మళ్లీ నిటారుగా వేయండి. గాడి మధ్యలో సన్నటి ముడత పడితే పెద్ద ప్రమాదం లేదు. గట్టు మీద అడ్డంగా పడిన ముడత మాత్రం గాలికి కాలువే, దాన్ని అలాగే వదిలి ముందుకు పోకూడదు.

చివర కత్తెరతో తిన్నగా కత్తిరించి, రెండు మూలలూ గుండ్రంగా చేయండి. మూలలు పదునుగా ఉంటే టైరు మార్చిన ప్రతిసారీ అక్కడే లేస్తుంది.

ఇప్పుడు మొత్తం చుట్టునీ ఇంకోసారి రుద్దాలి. ప్లాస్టిక్ లీవరుకి నూలుగుడ్డ చుట్టి, ముందు గాడి, తర్వాత గట్ల అంచులు. పక్క గోడ మొదలయ్యే మూలలోకి గుడ్డ దిగేలా నెమ్మదిగా తిరగండి. పసుపు టేపైతే జిగురు పూర్తిగా పట్టినచోట రంగు చిక్కగా, పట్టనిచోట పాలిపోయినట్టు కనిపిస్తుంది. దీపం వెలుగులో చక్రాన్ని ఏటవాలుగా తిప్పుతూ ఆ పాలిపోయిన మచ్చలన్నీ పోయేదాకా రుద్దుతాను.

ఒక రాత్రి ట్యూబ్‌తో

చాలామంది వదిలేసే మెట్టు ఇది. నా అనుభవంలో తేడా తెచ్చేది కూడా ఇదే. వాల్వ్ రంధ్రం దగ్గర టేపుకి చిల్లు పెట్టి, మామూలు ట్యూబ్ వేసి, టైరు ఎక్కించి గాలి నింపండి. టైరు మీదా రిమ్ మీదా రాసిన గరిష్ఠ ఒత్తిడుల్లో ఏది తక్కువైతే దానికి లోబడే ఉండాలి. రాత్రంతా అలా వదిలేస్తే ట్యూబ్ టేపుని ప్రతి మూలలోకీ సమంగా నొక్కుతుంది. మన వేళ్లు ఎంత రుద్దినా అంత సమంగా నొక్కలేవు. మడతలతో వచ్చిన కొత్త టైరు కూడా ఈలోపు ఆకారం పట్టుకుంటుంది. పొద్దున్న గాలి తీసి, టైరు ఒక్క పక్క బీడ్ మాత్రమే ఊడదీసి ట్యూబ్ లాగేయండి. రెండో పక్క అప్పటికే కుదురుకుని ఉంటుంది కాబట్టి ఇక పంపుకి సగం పనే మిగులుతుంది.

చిల్లు ఎలా పెట్టాలన్నది ముఖ్యం. బ్లేడుతో కూడిక గుర్తులా కోస్తే ఆ నాలుగు కొసలూ వాల్వ్ కుదుపుకి ఇంకా చిరుగుతూ పోతాయి. సన్నటి దబ్బనం మొనని మంట మీద వేడిచేసి, టైరు వైపు నుంచి రంధ్రం మధ్యలో గుచ్చితే టేపు కరిగి గుండ్రటి చిల్లు పడుతుంది. కరిగిన అంచు గట్టిపడుతుంది కాబట్టి చిరగదు. చిల్లు వాల్వ్ కంటే చిన్నదిగా ఉండాలి, వాల్వే దాన్ని సాగదీసుకుంటూ బిగుతుగా దిగాలి. కార్బన్ రిమ్ అయితే వేడి మొన రంధ్రం గోడకి తగలకుండా చూసుకోండి, చేయి కుదరదనిపిస్తే వేడిచేయకుండానే గుచ్చండి.

వాల్వ్, టైరు, గాలి

ట్యూబ్‌లెస్ వాల్వ్ అడుగున రబ్బరు మొదలు ఉంటుంది. కొన్ని శంఖు ఆకారంలో, కొన్ని పలకలుగా. గాడి ఇరుగ్గా ఉంటే శంఖు ఆకారం బాగా కూర్చుంటుంది, గాడి చదునుగా ఉంటే పలకది. వాల్వ్ దించి, లోపలి నుంచి ఒక బొటనవేలితో మొదలుని గట్టిగా నొక్కిపట్టి, బయట నట్టుని వేళ్లతో బిగించండి. కటింగ్ ప్లయర్ వద్దు. అతిగా బిగిస్తే రబ్బరు రంధ్రంలోకి జారి టేపుని కోస్తుంది, పైగా దారిలో పంక్చరైతే నట్టు చేత్తో రాదు.

టైరు ఎక్కించేటప్పుడు వాల్వ్‌కి ఎదురు పక్క మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి. బీడ్ గాడిలో ఉంటేనే వదులు దొరుకుతుంది. వాల్వ్ ఉన్నచోట దాని మొదలు అడ్డుంటుంది కాబట్టి బీడ్ గాడిలోకి దిగలేదు. చివరి జానెడు బిగిసినప్పుడు చేతులతోనే తొయ్యండి. తప్పదంటే ప్లాస్టిక్ లీవరు వాడండి, కానీ మొనని బీడ్ పట్టుకునేంత మేరకే పోనివ్వండి. లోపలికి దూరిస్తే అది ఇప్పుడే అంత శ్రద్ధగా వేసిన టేపుని గీరేస్తుంది.

మొదటిసారి సీలెంట్ లేకుండా గాలి నింపండి. వాల్వ్ లోపలి కోర్ తీసేస్తే గాలి వేగంగా లోపలికి పోతుంది. టైరు అంచుకి సబ్బునీళ్లు పూయండి. ఫ్లోర్ పంపు వేగంగా కొడితే బీడ్ గాడిలోంచి గట్టు మీదికి ఎక్కుతూ టప్ టప్‌మని చప్పుడవుతుంది. ఎక్కకపోతే కంప్రెసరు కావాలి. హుక్‌లెస్ రిమ్‌కి, అంటే పక్క గోడల అంచున లోపలికి వంగిన కొక్కెం లేనిదానికి, 5 బార్, అంటే దాదాపు 72 పీఎస్ఐ, పైహద్దు. బీడ్ ఎక్కించడానికని కూడా దాన్ని దాటకూడదు. మీ టైరుకి, రిమ్‌కి తయారీదారు ఇంకా తక్కువ రాసి ఉంటే ఆ తక్కువే. టైరు పక్కన రిమ్‌ని ఆనుకుని ఒక సన్నటి గీత చుట్టూ ఉంటుంది, అది రిమ్ నుంచి అంతటా సమాన దూరంలో కనిపిస్తే బీడ్ కూర్చున్నట్టు.

సీలెంట్ లేకుండా కొన్ని టైర్ల పక్క గోడల్లోంచి గాలి సన్నగా పోవడం మామూలే, దానికి కంగారు పడకండి. నిపుల్స్ దగ్గర మాత్రం అసలు పోకూడదు. అది తేలాకే గాలి తీసి, వాల్వ్‌లోంచి సిరంజితో సీలెంట్ పోయండి. సన్నటి రోడ్డు టైరుకి 30 నుంచి 60 ఎమ్మెల్, మౌంటెన్ టైరుకి 90 నుంచి 120. ఆ తర్వాత కోర్ బిగించి, మళ్లీ గాలి నింపి, చక్రాన్ని అన్ని వైపులా తిప్పి ఊపి, రెండు పక్కలా కాసేపు పడుకోబెట్టండి.

లీకు వెతకడం

సబ్బునీళ్లలో బ్రష్ ముంచి టైరు అంచు, వాల్వ్ నట్టు, ఒక్కో నిపుల్ చుట్టూ పూయండి. టైరుకీ రిమ్‌కీ మధ్య బుడగలొస్తే బీడ్ సమస్య, చాలావరకు సీలెంట్ చూసుకుంటుంది. నిపుల్స్ దగ్గర బుడగలొస్తే టేపు సమస్య. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. బుడగ వచ్చిన నిపుల్ ఎదురుగా టేపు చిరిగిందనుకుని అక్కడ ఒక ముక్క అతికిస్తారు. టేపు ఎక్కడ లీకైనా గాలి ముందు రెండు గోడల మధ్య ఖాళీలోకి చేరుతుంది, చుట్టూ నిండుతుంది, ఎక్కడ నిపుల్ కాస్త వదులుగా ఉంటే అక్కడ బయటికి వస్తుంది. బుడగ ఒక చోట, చిల్లు ఇంకోచోట.

ఒక మిత్రుడి వెనక చక్రంలో రిమ్ అతుకు దగ్గరున్న నిపుల్స్‌లోంచి బుడగలొచ్చాయి. రిమ్ అతుకే విడిపోయిందని, రిమ్ మార్చాలని అతనికి ఎవరో చెప్పారు. టైరు ఒక పక్క తీసి టేపంతా తుడిచి, వెలుగులో తిప్పుతూ చూశాం. అతుకుకి దాదాపు ఎదురుగా, గట్టు అంచున, గోటితో గీసినంత సన్నటి గీత. లీవరు మొన తగిలిన జాడ. ఆ గీత కిందుగా టేపు రంగు మారి, సీలెంట్ తెల్లగా పాకి దగ్గర్లోని స్పోకు రంధ్రం దాకా వెళ్లి ఉంది. టేపు తీసి కొత్తది వేశాక అదే రిమ్ బాగా నిలబడింది. మీరు కూడా వెతకాల్సింది ఆ తెల్లటి జాడ కోసమే. అది ఎక్కడ మొదలైందో అక్కడే తప్పుంది.

వాల్వ్ నట్టు దగ్గర మాత్రమే బుడగలొస్తే ముందు సులువైన పని చేయండి. నట్టు వదులు చేసి, వాల్వ్ మొదలుని సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ బిగించండి. అప్పటికీ వస్తుంటే టేపునే అనుమానించాలి. వాల్వ్ రంధ్రం కూడా ఆ ఖాళీలోంచి గాలికి ఒక దారే కదా. నట్టుని ఇంకా బిగించి బుడగల్ని ఆపితే లీకు ఆగినట్టు కాదు, గాలి రిమ్ లోపల నిలుస్తుందంతే. టైరు కోసం తయారైన ఒత్తిడిని రిమ్ లోపలి ఖాళీలో పెట్టడం మంచిది కాదు.

అతుకు ముక్కలు వేయొద్దని నేను గట్టిగా చెబుతాను. ముక్క అంచు దగ్గర చిన్న మెట్టు వస్తుంది, బీడ్ దాని మీద సరిగ్గా కూర్చోదు. దారిలో ఉంటే వాల్వ్ తీసేసి ట్యూబ్ వేసుకుని ఇంటికి రండి, వచ్చాక టేపు మొత్తం మార్చండి. నెమ్మది లీకే కదా, రోజూ పంపు కొట్టుకుందాం అని వదిలేస్తే, గాలితో పాటు సీలెంట్ కూడా రిమ్ లోపలికి పోతుంది. అమ్మోనియా ఉన్న సీలెంట్లు అల్యూమినియం నిపుల్స్‌ని తినేస్తాయి. తర్వాత చక్రం సరిచేద్దామని రెంచి పెడితే నిపుల్స్ తిరగవు, ఒక్కోటి విరుగుతాయి.

తర్వాత చూసుకోవాల్సినవి

సీలెంట్ రెండు నుంచి ఆరు నెలల్లో ఆరిపోతుంది, ఎండలు ముదిరితే ఇంకా త్వరగా. సీలెంట్ చేర్చడానికి టేపు ముట్టుకోనక్కర్లేదు. టైరు మార్చినప్పుడు మాత్రం టేపుని తడిగుడ్డతో తుడిచి ఒక చుట్టు చూడండి. అంచులు పట్టే ఉండి, రంధ్రాల మీద టేపు కొద్దిగా మాత్రమే కుంగి ఉంటే వదిలేయండి, అనవసరంగా మార్చక్కర్లేదు. రంధ్రాల దగ్గర గిన్నెలా లోతుగా కుంగినా, ఆ గుంట అంచున తెల్లగా చారలు కనిపించినా ఇక మార్చాల్సిందే. టైరు ఊడదీసేటప్పుడు లీవరు చేతిలోకి తీసుకోకముందే రెండు చేతుల బొటనవేళ్లతో బీడ్‌ని గాడిలోకి తోయండి. చాలా టైర్లు అలాగే వచ్చేస్తాయి.

మిగిలిన టేపు చుట్టని జిప్ కవర్లో వేసి, పక్క అంచులకి దుమ్ము అంటకుండా దాచండి. బల్ల మీద అలా వదిలేస్తే ఆ అంచుల జిగురుకి దుమ్ము పట్టి, మళ్లీ వాడినప్పుడు గట్టు మూలల్లో సరిగ్గా ఆ అంచే లేస్తుంది. అలా దుమ్ము పట్టిన చుట్ట ఉంటే పై చుట్టులు తీసేసినా లాభం లేదు, దుమ్ము అంచు పొడవునా ఉంటుంది కాబట్టి కొత్తది తెచ్చుకోండి.